టంకం తీగకు పట్టకుండా ఉండకట్టి జారిపోతోంది, పొరపాటు ఎక్కడ ఉంది?

ప్రశ్న (కావలి దగ్గర పల్లె నుంచి ఒక రైతు)

అందరికీ నమస్కారం. వరికి మందు కొట్టే మా 12 వోల్టుల బ్యాటరీ స్ప్రేయర్‌లో స్విచ్చి నుంచి మోటారుకు వెళ్ళే తీగ గత వారం తెగిపోయింది. టౌనుకు వెళ్ళి 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, ఒక చుట్ట లెడ్డు (టంకం వేసే తీగ) కొని తెచ్చుకొని నేనే అతకడానికి కూర్చున్నాను. ఐరన్ మొన మీద లెడ్డును కరిగించి, ఆ చుక్కను మెలిపెట్టిన తీగల మీదికి తీసుకెళ్తే, అది తామరాకు మీద నీటిబొట్టులాగా ఉండకట్టి కింద పడిపోయింది. నాలుగైదు సార్లు ప్రయత్నించాక అతుక్కున్నట్టే కనిపించింది గానీ, మర్నాడు రెండు ట్యాంకులు కొట్టేసరికి మోటారు ఆగి ఆగి తిరగసాగింది. టేపు విప్పి చూస్తే ఉండ ఒకవైపు, తీగలు ఒకవైపు ఉన్నాయి. తీగ పాతది, లోపలి రాగి నల్లగా ఉంది. ఐరన్ శక్తి చాలడం లేదా, లెడ్డు మంచిది కాదా, లేక నా పద్ధతిలోనే తప్పుందా? మేడమెట్ల దగ్గర లైటు తీగను కూడా ఇలాగే అతకాలని అనుకుంటున్నాను కాబట్టి, దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1 (ఒంగోలు, రేడియోలు, టీవీలు బాగుచేసే పని)

ఐరన్‌లోనూ లెడ్డులోనూ లోపం లేదండీ. ఆ తీగకు 25 వాట్లు సరిపోతాయి. మీరు లెడ్డును వేడి చేశారు గానీ, తీగను వేడి చేయలేదు. ఈ పనిలో అసలు సంగతి అదే.

చిన్నప్పుడు మన వీధుల్లోకి ఇత్తడి పాత్రలకు కళాయి పోసేవాళ్ళు వచ్చేవారు. వాళ్ళు ముందు పాత్రను బాగా తోమి, కొలిమి మీద కాల్చి, నవసాగరం చల్లి, ఆ తరువాతే తగరం రాసేవారు. చల్లని పాత్ర మీద తగరం పారదు, మురికి పాత్రకు అంటదు. తీగకు జరగవలసిందీ అచ్చంగా అదే. మనం వాడే లెడ్డు సాధారణంగా 60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం కలిసినది. 183 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలై, 190కి కాస్త అటూ ఇటూగా పూర్తిగా కరుగుతుంది. రాగి కూడా ఆ వేడికి చేరితే తప్ప కరిగిన లెడ్డు దాన్ని తడపదు.

ముందు నల్లబడిన భాగాన్ని కత్తిరించి, ఎర్రగా మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి వెళ్ళండి. ఎంత దూరం వెళ్ళినా నలుపే ఉంటే, ఆ ముక్కను తీసేసి కొత్త తీగ వేయడమే మేలు. పై తొడుగును రెండు సెంటీమీటర్లు ఒలిచి, పోగులను సన్న గరుకు కాగితంతో రుద్ది మెలిపెట్టండి. స్లీవ్‌ను (అతుకును కప్పే ప్లాస్టిక్ గొట్టాన్ని) ఆ మెలికకు ముందే ఒక తీగలోకి ఎక్కించి దూరంగా జరిపి ఉంచాలి. అతుకు పూర్తయ్యాక అది గుర్తొస్తే మళ్ళీ విప్పాల్సిందే.

ఐరన్ మొనను తడి స్పాంజికి తుడిచి, దాని మీద కొద్దిగా లెడ్డు పట్టించి, మెలిక కింద ఆనించండి. మూడు నాలుగు సెకన్లు ఆగి, లెడ్డును ఐరన్‌కు కాకుండా మెలిక పైభాగానికి తాకించండి. తీగ వేడికే అది కరిగి, నీరు గుడ్డలోకి ఇంకినట్టు పోగుల మధ్యకు పాకిపోతుంది. లెడ్డు పొట్టలో రోజిన్ ఉంటుంది. రాగి మీది మైలను తీసేది అదే. మీలాగా ముందే మొన మీద కరిగిస్తే, తీగను చేరేలోపే రోజిన్ పొగైపోతుంది. అందుకే ఉండకట్టింది. మంచి అతుకులో పోగుల గీతలు లెడ్డు కింద ఇంకా కనిపిస్తుంటాయి, అంచులు సన్నగా తీగలో కలిసిపోతాయి. చల్లారేదాకా కదిలించకండి.

బ్యాటరీ వైర్లు తీసేయకుండా మాత్రం పని మొదలుపెట్టకండి. పొగ ముఖానికి తగలకుండా గాలి ఆడేచోట కూర్చోండి. సీసం చేతులకు అంటుతుంది కాబట్టి, అన్నం తినే ముందు సబ్బుతో కడుక్కోవడం తప్పనిసరి.

జవాబు 2 (మైపాడు వైపు నుంచి, రొయ్యల చెరువుల పని)

పైన చెప్పినదంతా నిజం. నేను నష్టపోయి నేర్చుకున్న ఒక విషయం కలుపుతాను. చెరువు గట్టు మీది షెడ్డులో 12 వోల్టుల లైట్ల తీగలకు లెడ్డు పట్టడం లేదని, రేకుల పనివాళ్ళు వాడే ఆమ్లం కలిసిన పేస్టు రాశాను. ఆ రోజు అద్దంలా పట్టింది. కొద్ది నెలల్లోనే టేపు కింద ఆకుపచ్చగా చిలుము పట్టి, పోగులు ముట్టుకుంటే పొడిగా రాలాయి. సముద్రపు గాలిలో ఉప్పు, తేమ దానికి తోడయ్యాయి. విద్యుత్ తీగలకు రోజిన్ తప్ప మరొకటి వాడకండి.

ఇంకొకటి, లెడ్డు పట్టినచోట తీగ పుల్లలాగా బిరుసెక్కుతుంది. వీపు మీద ఊగే స్ప్రేయర్‌లో అది ఆ బిరుసు అంచు దగ్గరే విరుగుతుంది. కాబట్టి అతుక్కు రెండువైపులా తీగను డబ్బా గోడకు క్లిప్పుతో కదలకుండా బిగించండి.

జవాబు 3 (నెల్లూరు, ఇళ్ళ వైరింగ్ పని)

మెట్ల దగ్గర లైటు సంగతి మీరు అడిగారు కానీ, దానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. అక్కడ టంకం వేయవద్దని మనవి. అది 230 వోల్టుల కరెంటు. గోడలోనో పైపులోనో అతికి టేపు చుట్టిన ముడి కనిపించదు, తరువాత వేడెక్కినా తెలియదు. ఒక బాక్సు నుంచి మరో బాక్సు దాకా కొత్త తీగ లాగించండి. అతుకు తప్పనిసరి అయితే, మూత తీసి చూడగలిగే జంక్షన్ బాక్సులో కనెక్టరుతో కలపాలి.

స్విచ్చి స్క్రూ కిందికి వెళ్ళే పోగులకు కూడా లెడ్డు పట్టించకండి. ఆ మెత్తని లోహం స్క్రూ ఒత్తిడికి మెల్లగా సాగి, బిగువు సడలి, ఆ చోటు వేడెక్కుతుంది. పాత ఇళ్ళలో కొన్నిచోట్ల అల్యూమినియం తీగలు ఉంటాయి, వాటికి మామూలు లెడ్డు పట్టదు. ఏది ముట్టుకున్నా మెయిన్ ఆపి, టెస్టరుతో చూసుకున్న తరువాతే.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. నల్లబడిన తీగ రెండంగుళాలు కత్తిరించాక ఎర్ర రాగి దొరికింది. తీగను కింది నుంచి కాల్చి, పైనుంచి లెడ్డు ఆనించగానే ఒక్కసారిగా లోపలికి పీల్చుకున్నట్టు పాకింది. ఆ క్షణం చూశాకే మీరందరూ చెప్పింది అర్థమైంది. స్లీవ్ ముందే ఎక్కించాను, రెండు క్లిప్పులు కూడా బిగించాను. ఈ ఉదయం ఆరు ట్యాంకులు కొట్టాను, మోటారు ఒక్కసారి కూడా ఆగలేదు. మెట్ల లైటుకు కొత్త తీగ లాగడానికి ఎలక్ట్రీషియన్‌ను ఆదివారం రమ్మన్నాను.