సమస్య: "కలిమి హెచ్చినయింటిలో కరవు హెచ్చె" (తేటగీతి)

పృచ్ఛకుడు:
ఈ వారం సమస్య ఇది. పొసగనట్టు వినిపించే ఈ పాదాన్ని నాలుగో పాదంగా నిలిపి, అర్థం కుదిరేలా పై మూడు పాదాలూ రాయండి. యతి (పాదం మొదటి అక్షరంతో పొసగాల్సిన అక్షరం) నాలుగో గణం, అంటే నాలుగో అక్షరాల గుంపు, మొదటి అక్షరం; ప్రాసయతి (వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలపడం) వేసినా సరే. హఠాత్తుగా డబ్బు వచ్చిపడిన ఇంటి గురించి రాస్తే సంతోషం. 2015లో రాజధాని అమరావతి కోసం జరిగిన భూసమీకరణ (ప్రభుత్వం రైతుల పొలాలు తీసుకుని బదులుగా ప్లాట్లు, ఏటా కౌలు ఇచ్చే పద్ధతి) నాటి నుంచి మా పెదనాన్నగారి ఊళ్ళో చూస్తున్నదే నాతో ఈ పాదం రాయించింది. 29 గ్రామాలు, 33 వేల ఎకరాలకు పైగా. ఎకరం లక్షల్లో పలికే చోట కోటి మాట వినపడింది. కొందరు సమీకరణకు ఇచ్చారు, కొందరు ముందే అమ్ముకున్నారు.

గుంటూరు మాష్టారు:

పొలము నమ్మిన సొమ్ముతో భోగమబ్బె
పాడి గేదెల నమ్మిరి పాల కొరకు
కొట్టు వాకిట నిలుతురు కోడికూయ
కలిమి హెచ్చినయింటిలో కరవు హెచ్చె

పృచ్ఛకుడు:
మాష్టారూ, బాగుంది. జరీబు నేలలో (నది దగ్గరి, నీటి వసతి ఉన్న సారవంతమైన నేలలో) ఏడాది పొడుగునా ఏదో ఒక పంట తీసినవాళ్ళు ఇప్పుడు పచ్చిమిరపకాయలు పావుకిలో కొనుక్కుంటున్నారు. "నమ్మిన", "నమ్మిరి" అని అమ్మకం రెండుసార్లు రావడం పునరుక్తి అనిపించలేదు, ఒకటి వెళ్తే రెండోది వెళ్తుంది కదా. "భోగమబ్బె" మాత్రం పలచగా ఉంది. ఏ భోగమో కంటికి కనపడితే బాగుండేది.

డల్లాస్ సభ్యుడు:

కోట్లు వచ్చిన పిమ్మట కొత్తవారు
చుట్టమనుచును వచ్చిరి చుట్టుముట్టి
నమ్మి మాటాడ నొక్కడు లేకపోయె
కలిమి హెచ్చినయింటిలో కరవు హెచ్చె

2011లో కౌన్ బనేగా కరోడ్‌పతిలో 5 కోట్లు గెలిచిన బీహార్ సుశీల్ కుమార్‌ను తలచుకుని రాశాను. మోసపోయిన సంగతీ, ఇంట్లో పొరపొచ్చాలూ 2020లో ఆయనే ఫేస్‌బుక్‌లో రాసుకున్నారు. ఆ రాత చదివి రాత్రి నిద్ర పట్టలేదు.

గుంటూరు మాష్టారు:
బాబూ, మూడో పాదంలో యతి తప్పింది. "న"కూ "లే"కూ మైత్రి లేదు. "నమ్మి మాటాడ నొక్కడు నాకు లేడు" అంటే సరిపోతుంది. పైగా పద్యం సుశీల్ నోటి మాటే అయిపోతుంది.

డల్లాస్ సభ్యుడు:
ధన్యవాదాలండీ. "నాకు" అనగానే నా గొంతే పట్టుకుపోయింది. అలాగే మారుస్తున్నాను.

నేలపాడు కోడలు:

చేట నిండుగ నిచ్చిన చేయి నేడు
చిల్లరెంచుచు గుమ్మాన జీతగాని
నిలువబెట్టెను రూపాయి నెపముతోడ
కలిమి హెచ్చినయింటిలో కరవు హెచ్చె

ఇది సమీకరణ జరిగిన ఊళ్ళలో ఒకటైన నేలపాడులో మా ఇంటిదే. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో మా మామగారు ఎవరు వాకిట్లోకి వచ్చినా చేటెడు పోసి పంపేవారు. తూకం లేదు, లెక్క లేదు. ప్లాటు కాగితాలు బీరువాలోకి వచ్చాక ఒక రోజు పాలేరు సరుకులు తెస్తే, వెనక్కి రావలసిన చిల్లరలో ఒక రూపాయి తగ్గింది. అరగంట నిలబెట్టారు. అతను తలొంచుకుని జేబు తిరగేసి చూపించాడు. పిసినారితనం అని నేను అనలేను. మిరప మళ్ళీ ఏడు కాస్తుంది కాబట్టి చెయ్యి ఆడేది. బ్యాంకులో పడ్డ సొమ్ము తీసినకొద్దీ తరిగేదే, ఆ భయం ఆయన్ని వదల్లేదు. కౌలు ఎకరానికి మెట్టకు 30 వేలతో, జరీబుకు 50 వేలతో మొదలై ఏటా పెరిగినా అది పదేళ్ళదాకానే అని వేళ్ళమీద లెక్కపెట్టేవారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక ఆ లెక్క మరీ ఎక్కువైంది.

పృచ్ఛకుడు:
అమ్మా, ఈ వారం పద్యాల్లో నా మనసు నిలిచింది ఇక్కడే. "గుమ్మాన" అన్న ఒక్క మాటతో ఆ మనిషిని వాకిట్లో నిలబెట్టేశారు. "నెపము" కూడా సరిగ్గా పడింది. అసలు కోపం రూపాయి మీద కాదు.

సిద్దిపేట సభ్యుడు:
అందరూ కలిమిని తిడుతున్నారు. మా ఇంట్లో అమ్మ కూలికి పోయి మమ్మల్ని పెంచింది. తమ్ముడికి కొలువు వచ్చాక అప్పు తీరింది. అందుకే ఇలా రాశాను.

వడ్డి నడిగెడి వారికి వంగి వంగి
దండమిడినట్టి బతుకది దాటిపోయె
నాడు పారిన కన్నీటి నదులకిపుడు
కలిమి హెచ్చినయింటిలో కరవు హెచ్చె

గుంటూరు మాష్టారు:
కన్నీటికి కరవు తెచ్చావు నాయనా! సమస్యను ఇలా తిప్పడమే పూరణ. "బతుకది"లో "అది" గణం నింపడానికి వచ్చింది, "బతుకులు" అని చూడు.

సిద్దిపేట సభ్యుడు:
సరే మాష్టారూ, "దండమిడినట్టి బతుకులు దాటిపోయె". వంగింది అమ్మ ఒక్కతే కాదు, మేమూ వంగినం.

నేలపాడు కోడలు:
మీ పద్యం మా పాలేరుకు చదివి వినిపించాను. సమీకరణ ఊళ్ళలో భూమిలేని ఇళ్ళకు ప్రభుత్వం మొదట్లో ఇచ్చిన నెలకు 2,500 పింఛనే వాళ్ళకు వచ్చిన కలిమి. మూడో పాదం మళ్ళీ చదవమన్నాడు.