గయా, టూమాస్ కలిపితే వేగంగా కదిలే నక్షత్రాలే ఎందుకు తప్పిపోతున్నాయి?

ప్రశ్న: నమస్కారం అండీ. గయా డీఆర్3 (గయా అంతరిక్ష టెలిస్కోపు మూడో డేటా విడుదల) నుంచి సూర్యుడికి దగ్గర్లో ఉన్న నక్షత్రాలు తీసుకున్నాను. వాటికి టూమాస్ అనే పరారుణ ఆకాశ సర్వేలోని జె, హెచ్, కె బ్యాండ్ల మాగ్నిట్యూడ్లు (ప్రకాశం కొలతలు) జోడించాలి. టాప్‌క్యాట్‌లో (పట్టికలు కలిపే సాఫ్ట్‌వేర్) జతల మధ్య ఉండదగ్గ దూరం 1 ఆర్క్ సెకండ్ (డిగ్రీలో 3600వ వంతు) పెడితే చాలావాటికి జత దొరకడం లేదు. 5 పెడితే దొరుకుతున్నాయి గానీ ఒక్కోదానికి రెండు మూడు వస్తున్నాయి. అసలు ఎంత పెట్టాలి?

జవాబు: దూరం సంగతి తర్వాత చూద్దాం అండీ, ముందు తేదీలు చూడండి. గయా డీఆర్3 స్థానాలు 2016.0 నాటివి. టూమాస్ ఆకాశాన్ని చిత్రించింది 1997 నుంచి 2001 దాకా. అంటే మధ్యలో 15 నుంచి 19 ఏళ్ల తేడా. ఏడాదికి 100 మిల్లీ ఆర్క్ సెకండ్లు కదిలే నక్షత్రం ఈలోపే ఒకటిన్నర ఆర్క్ సెకండ్లు దాటిపోతుంది, మీ 1 ఆర్క్ సెకండ్‌కి అందదు. బార్నార్డ్ నక్షత్రం ఏడాదికి 10 ఆర్క్ సెకండ్లకు పైగా కదులుతుంది, అది 5కి కూడా చిక్కదు. దగ్గరి నక్షత్రాలు తీసుకున్నారు కాబట్టి మీ జాబితా నిండా ఇలాంటివే ఉంటాయి.

గయా స్థానాలను ప్రాపర్ మోషన్‌తో (నక్షత్రం ఆకాశంలో ఏడాదికి కదిలే కోణం) టూమాస్ కాలానికి వెనక్కి జరిపి, ఆ తర్వాత కలపండి. డెక్‌కి (డిక్లినేషన్, ఆకాశంలో అక్షాంశం లాంటిది) లెక్క సులువు: మిల్లీ ఆర్క్ సెకండ్లలో ఉన్న ప్రాపర్ మోషన్‌ని ఏళ్ల తేడాతో గుణించి, 36 లక్షలతో భాగిస్తే డిగ్రీల్లో వస్తుంది, దాన్ని డెక్ నుంచి తీసేయాలి. ఆర్‌ఏ (రైట్ అసెన్షన్, రేఖాంశం లాంటిది) దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. గయా ఇచ్చే ఆర్‌ఏ ప్రాపర్ మోషన్‌లో కాస్ డెక్ (డెక్ కోణపు కొసైన్) ముందే గుణించి ఉంటుంది, కాబట్టి దాన్ని కాస్ డెక్‌తో భాగించాకే ఆర్‌ఏ నుంచి తీసేయాలి. డెక్ 60 డిగ్రీల దగ్గర ఇది మరిచిపోతే సవరణ సగమే అవుతుంది.

ప్రశ్న: టూమాస్‌లో జె2000 అనే ఉంది కదండీ, అన్నీ 2000కి తెస్తే సరిపోదా?

జవాబు: జె2000 అన్నది స్థానాలు కొలిచే అక్షాల గురించి మాత్రమే. నక్షత్రం మాత్రం ఫొటో తీసిన రోజున ఎక్కడుందో అక్కడే నమోదైంది. నెమ్మదిగా కదిలేవాటికి 2000 చాలు. బాగా వేగంగా కదిలేవాటికి టూమాస్‌లో ఫొటో తీసిన తేదీ (జూలియన్ తేదీ) చెప్పే జేడేట్ కాలమ్ ఉంది, ఒక్కో వరుసకి దాన్ని వాడండి.

జరిపాక 1 ఆర్క్ సెకండ్‌తోనే మళ్లీ కలిపి చూడండి. నమ్మకం కుదరకపోతే గయా స్థానాలన్నిటినీ ఒక ఆర్క్ నిమిషం పక్కకి జరిపి ఇంకోసారి కలపండి. అప్పుడు వచ్చే జతలన్నీ దాదాపుగా కాకతాళీయమే. పాలపుంత తలం వైపు ఆ సంఖ్య బాగా పెరుగుతుంది, అక్కడ జత కలిపే దూరం తగ్గించక తప్పదు.

మరొకరు: ఒక చిన్న మాట. గయా సోర్స్ ఐడీని (ఒక్కో నక్షత్రానికి ఇచ్చే పొడవైన గుర్తింపు సంఖ్య) ఎక్సెల్‌లో తెరవకండి. అది 15 అంకెల వరకే నిలుపుతుంది, ఆ తర్వాతి అంకెలు సున్నాలైపోతాయి. ఒకసారి అలా సేవ్ అయితే ఏ నక్షత్రం ఏదో మళ్లీ పట్టుకోలేం. టాప్‌క్యాట్‌లోనే ఉంచి, ఫిట్స్ ఫైల్‌గా (ఖగోళ డేటా దాచే ఫార్మాట్) దాచుకోండి.

ప్రశ్న: జరిపాక చాలావరకు దొరికాయండీ, చాలా థాంక్స్! కొన్నిచోట్ల ఒకే టూమాస్ నక్షత్రానికి రెండు గయా నక్షత్రాలు వస్తున్నాయి.

జవాబు: అవి దగ్గర దగ్గరగా ఉన్న జంటలు అయి ఉండొచ్చు. గయా విడదీసి చూసినవి టూమాస్‌లో ఒకే చుక్కగా కలిసిపోతాయి. దగ్గరున్నదానికి జోడించి ఊరుకోవద్దు, ఆ మాగ్నిట్యూడ్‌లో ఇద్దరి కాంతీ ఉంది. గుర్తు పెట్టి పక్కన ఉంచండి. ప్రాపర్ మోషన్ ఖాళీగా ఉన్న వరుసల్నీ వేరు చేయండి. గయా డీఆర్3లో అలాంటివి 34 కోట్ల దాకా ఉన్నాయి, వాటిని వెనక్కి జరపడం కుదరదు.