‘అస్తి చేన్నాస్తికో హతః’: ఈ పాదం ఎవరిని భయపెట్టడానికి?

ప్రశ్న: మా ఇంట్లో దేవుడి మీద వాదన మొదలైతే చివర్లో పెదనాన్న ఒకటే మాట వదులుతారు: ‘నాస్తి చేన్నాస్తి నో హానిః, అస్తి చేన్నాస్తికో హతః.’ దేవుడు లేకపోతే మనకు పోయేదేమీ లేదు, ఉన్నాడంటే మాత్రం నాస్తికుడి పని అయిపోయినట్టే అని అర్థం చెప్తారు. అంతే, అందరూ భోజనాలకు లేస్తారు. ఇందులో ‘నో’ ఏమిటండీ, ఇంగ్లీషు నో లాగే వినబడుతోంది? దీనికి ముందు సగం ఏమైనా ఉందా? భాషకు సంబంధం లేకపోయినా ఇంకొకటి అడుగుతున్నా: నమ్మనివాళ్ళకు ‘ఒకవేళ నిజంగా ఉంటేనో’ అన్న టెన్షన్ ఉంటుందా?

జవాబు: ముందు ‘నో’ సంగతి. అది ‘నః’, అంటే మనకు. మనః + హరం మనోహరం అయినట్టే నః + హానిః ‘నో హానిః’ అయింది. కొందరు ‘మే హానిః’ అని కూడా చదువుతారు, అప్పుడు ‘నాకు’ అవుతుంది. ఇంగ్లీషు నో పెట్టి చదివినా అర్థం చెడకపోవడం మన అదృష్టం.

శ్లోకం చెవికి పట్టేది మాత్రం ‘చేన్నాస్తి’ దగ్గర. రెండు పాదాల్లోనూ అదే చోట అదే శబ్దం. మొదటిదాన్ని విడదీస్తే చేత్ + నాస్తి, రెండోదాన్ని విడదీస్తే చేత్ + నాస్తికః. లేదు అన్న మాటే ఒక్క అక్షరం పెరిగి మనిషైంది, ఆ మనిషి వెనకే ‘హతః’ వచ్చి పడింది. మీ పెదనాన్నగారి వాదనకు సగం బలం ఈ సంధిలోనే ఉందని నా అనుమానం. అదే సంగతి తెలుగులో చెప్తే భోజనాలకు లేవరు, ఇంకో గంట వాదిస్తారు.

ముందు సగం ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. నేను విన్నది ‘సందిగ్ధే పరలోకేఽపి త్యాజ్యమేవాశుభం బుధైః’. పరలోకం ఉందో లేదో తేలకపోయినా తెలివైనవాళ్ళు చెడు మానుకోవలసిందే అని. చూశారా, ఇందులో దేవుడి ఊసే లేదు! పాణిని ‘అస్తి నాస్తి దిష్టం మతిః’ (4.4.60) అన్న సూత్రంతో ఆస్తిక, నాస్తిక శబ్దాలు సాధించాడు. ఏది అస్తి, ఏది నాస్తి అంటే పరలోకం అని ఆ సూత్రాలకు వ్యాఖ్య అయిన కాశికావృత్తి పూరించింది. మనుస్మృతికి వచ్చేసరికి వేదాన్ని నిందించేవాడు నాస్తికుడు. వేదవిధులే ప్రమాణమంటూ, సృష్టికర్త అయిన ఈశ్వరుణ్ణి మాత్రం ఒప్పుకోని మీమాంసకులు ఆస్తికుల పంక్తిలోనే కూర్చున్నారు. కాబట్టి ఈ శ్లోకంలో ‘హతుడు’ దేవుడి గుడికి వెళ్ళనివాడు కాదు, పైలోకంలో లెక్క అడిగేవాళ్ళు లేరు కదా అని ఇక్కడ ఇష్టమొచ్చినట్టు బతికినవాడు.

ఇంకొకరు: ఇది ఫ్రెంచి తత్త్వవేత్త పాస్కల్ చెప్పిన పందెమే కదా?

జవాబు: పోలిక ఉంది, కానీ తేడానే ఎక్కువ. పాస్కల్ 1662లో పోయాడు, ఆయన చిత్తుకాగితాలు 1670లో అచ్చయ్యాయి. ఆయన దేవుడు ఉన్నాడనే వైపు పందెం కాయమంటాడు: గెలిస్తే అంతులేని లాభం, ఓడితే నష్టం లేదు. నమ్మకం కుదరడం లేదంటే తీర్థజలం పుచ్చుకో, పూజలు చేయించు, మెల్లగా అదే అలవాటవుతుందని సలహా. మన శ్లోకం నమ్మమని అడగదు, చెడు మానమంటుంది. ఇంతకంటే పాతది బౌద్ధుల పాళీ గ్రంథం మజ్ఝిమ నికాయంలోని అపణ్ణక సుత్తం అనే ఉపదేశం. సాలా అనే ఊళ్ళో గృహస్థులకు బుద్ధుడు చెప్తాడు: పరలోకం లేకపోయినా చెడ్డగా బతికినవాణ్ణి ఇక్కడే పెద్దలు తిడతారు, ఉంటే అక్కడా చెడతాడు, రెండు వైపులా నష్టమే. అక్కడ వాడిన పాళీ మాట ‘నత్థికవాద’, మన నాస్తికవాదమే.

పందెం అనేసరికి ఒక చిక్కు ఉంది. ఏ దేవుడి మీద కాయాలి? ఒక్క విజయవాడలోనే చూడండి. ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ, గుణదల కొండ మీద మేరీమాత. ఫిబ్రవరిలో గుణదల ఉత్సవాలకు హిందువులూ వెళ్తారు, కొబ్బరికాయలూ తలనీలాలూ అక్కడా ఇస్తారు. జనం ఎప్పుడో రెండు వైపులా కాశారు. అదే ఊళ్ళో పటమటలో నాస్తిక కేంద్రం. నాస్తికోద్యమం నడిపిన గోరా (గోపరాజు రామచంద్రరావు) దాన్ని 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో అక్కడికి మార్చారు. గాంధీతో తన సంభాషణలను గోరా పుస్తకంగా రాశారు. అందులో గాంధీ అన్న మాట ఒకటి నాకు పాస్కల్ కంటే నచ్చుతుంది: నా ఆస్తికత్వం ఒప్పనీ చెప్పలేను, నీ నాస్తికత్వం తప్పనీ చెప్పలేను, మనం సత్యం వెతుకుతున్నాం, తప్పని తెలిసినప్పుడు మారతాం అని. అంటే తప్పేమోనన్న బెంగను నాస్తికుడి ఒక్కడి నెత్తిన వేయలేదు.

మరొకరు: టెన్షన్ గురించి నేను చెప్తాను, మా నాన్న నాస్తికుడు. గుండె ఆపరేషన్‌కు ముందు రోజు మేనత్త ఆయన దిండు కింద హనుమాన్ చాలీసా పెట్టి వెళ్ళింది. తీసి, కళ్ళజోడు అడిగి, మొత్తం చదివి, ఒక అచ్చుతప్పు కూడా పట్టుకుని మళ్ళీ అక్కడే పెట్టారు. అదేంటి నాన్నా అంటే ‘ఉండనీ, అక్కకు నిద్ర పడుతుంది’ అన్నారు. నరకం గురించి ఆయన ఎప్పుడూ బెంగపడలేదు. శరీరదానం కాగితం మీద సంతకం పెట్టాక మాత్రం చాన్నాళ్ళు నలిగారు. కర్మ జరగకపోతే అమ్మ నలుగురిలో ఎలా తలెత్తుకుంటుందని. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలోనే ఉంది, అమ్మ ఇంకా అవుననలేదు.

జవాబు: మీ నాన్నగారి మాటకు నేను కలపగలిగేది ఏమీ లేదు. కానీ ‘ఉంటేనో, లేకపోతేనో’ అని నిజంగా వణికిన గొంతు తెలుగులో కావాలంటే అది నాస్తికుడిది కాదు, పోతన గజేంద్రుడిది.

కలఁ డందురు దీనుల యెడఁ
గలఁ డందురు పరమయోగి గణముల పాలం
గలఁ డందు రన్నిదిశలను
గలఁడు కలం డనెడువాఁడు గలఁడో లేఁడో

మూడుసార్లు ‘అందురు’. ఒక్కసారైనా ‘అందును’ లేదు. దీనుల దగ్గర ఉంటాడట, యోగుల దగ్గర ఉంటాడట, అన్ని దిక్కులా ఉంటాడట, అంతా లోకులు చెప్పిందే. మొసలి నోట్లో కాలు ఉన్నవాడికి ఆ ‘అట’లు చాలవు. వెంటనే వచ్చే సీసం ‘కలుగఁడే నాపాలిఁ గలిమి సందేహింప’ అని మొదలవుతుంది. సందేహం ఉందని గజేంద్రుడే ఒప్పుకుంటున్నాడు, అయినా పిలవడం ఆపలేదు. చాలామంది కందం దగ్గరే ఆగిపోతారు. రెండూ కలిపి ఒకసారి పైకి చదవండి, ‘కల’ శబ్దం ఎన్నిసార్లు తిరిగి వస్తుందో తెలుస్తుంది.