ఖాలుబార్ నమూనాలో నాలుగు బంకర్లు ఎక్కడ పెట్టాలి?

జులై 26 కార్గిల్ విజయ్ దివస్ కోసం మా ఎనిమిదో తరగతి పిల్లలు కెప్టెన్ మనోజ్ కుమార్ పాండే చివరి పోరాటాన్ని థర్మాకోల్ నమూనాగా చేస్తున్నారు. 4 అడుగుల చెక్క మీద ఆ పోరాటం జరిగిన ఖాలుబార్ కొండ లేచింది, రంగు కూడా ఆరింది. బంకర్ల దగ్గరే ఆగిపోయాం.

పరమవీర చక్ర ప్రశంసాపత్రం చదివాం. 1999 జులై 2 రాత్రి, బటాలిక్ సెక్టార్, 1/11 గోర్ఖా రైఫిల్స్ (11 గోర్ఖా రైఫిల్స్ మొదటి బెటాలియన్). మొదటి బంకర్‌లో ఇద్దరు శత్రువుల్ని, రెండోదాంట్లో ఇద్దరిని మట్టుబెట్టారు. మూడోదాని దగ్గర భుజానికి, కాళ్లకు తూటాలు తగిలాయి. అయినా ఆగలేదు. నాలుగోదాన్ని గ్రెనేడ్‌తో పేల్చేటప్పుడు నుదుటికి తగిలింది. అప్పటికి 24 ఏళ్లు నిండి వారం దాటింది, అంతే! ఇంత వివరం ఉంది గానీ, ఏ బంకర్ ఏ పక్కనుందో లేదు.

శాటిలైట్ మ్యాప్ జూమ్ చేస్తే రాళ్లు, నీడలే కనిపిస్తున్నాయి. యూట్యూబ్ వీడియోల్లోని గ్రాఫిక్స్‌కి ఒకదానికొకటి పొంతన లేదు. నాలుగూ ఒకే వరసలో పెట్టేయమని ఒకరన్నారు గానీ నాకు మనసొప్పలేదు.

గోర్ఖాలు ఎక్కిన దారి, ఆ నాలుగు బంకర్ల స్థానాలు చూపించే నమ్మదగిన స్కెచ్ మ్యాప్ ఎక్కడ దొరుకుతుంది?