సెన్సిటివ్ స్కిన్‌కి లేత వాసన షేవింగ్ క్రీమ్ సరిపోతుందా, అసలు వాసనే ఉండకూడదా?

కొత్తగడ్డం | ఆదివారం, ఉదయం 9:10

అందరికీ నమస్తే. గడ్డం గీసుకున్న పది నిమిషాలకి నాకు దవడ కింద, మెడ మీద మంట మొదలవుతుంది. సాయంత్రానికి ఎర్రటి పొక్కులు. మర్నాడు చొక్కా కాలర్ తగిలినా ప్రాణం జివ్వుమంటుంది. ఆఫీసు వల్ల రెండు రోజులకోసారి గీసుకోక తప్పదు. మొన్నటిదాకా మెంథాల్ ఉన్న నీలం క్రీమ్ వాడాను, ముక్కు అదిరే ఘాటు. దాన్ని మానేద్దామనుకుంటున్నా.

ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు. 'సెన్సిటివ్' అని రాసి ఉండి, లేత వాసన వచ్చేది ఏదైనా తీసుకో, చాలు అంటాడు మా బావ. ఫార్మసీ చదివిన మా అక్క మాత్రం వాసన అన్నదే ఉండకూడదు అంటుంది. వాసన లేని క్రీమ్ ఒకసారి రాసి చూశాను, మొహానికి మైదాపిండి పూసుకున్నట్టు అనిపించింది. పొద్దున్నే ఆ కాస్త గంధం వాసనో నిమ్మ వాసనో లేకపోతే షేవ్ చేసుకున్నట్టే ఉండదు నాకు.

ఇంకో సంగతి. కిందటి కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాను. 41 రోజులు గడ్డం ముట్టుకోలేదు. మెడ అద్దంలా అయింది. మాల తీసి మొదటి షేవ్ చేసుకున్న రోజే మళ్ళీ మొదలు. కాబట్టి తప్పు క్రీమ్‌దే అని నా అనుమానం. ఎవరిది రైటు, అక్కదా బావదా?

వాసన_వద్దు | ఉదయం 9:42

అక్కదే. 'లేత వాసన' అని చెప్పేది మీ ముక్కు. చర్మానికి ముక్కు లేదు కదా! ట్యూబు వెనక ఉండే 'పర్ఫ్యూమ్' అనే ఒక్క మాట వెనక పదుల కొద్దీ రసాయనాలు ఉండొచ్చు. ముక్కుకి లేతగా తగిలినంత మాత్రాన అవి చర్మానికి పడతాయని లేదు. లినలూల్ సంగతే చూడండి. లావెండర్‌లో ఉంటుంది, చాలా సెంట్లలో ఉంటుంది. తాజాగా ఉన్నప్పుడు అంత గొడవ చెయ్యదు. గాలి తగిలి పాతబడితే ఎలర్జీ తెప్పించే పదార్థాలుగా మారుతుంది. మూత సరిగ్గా పెట్టకుండా బాత్రూమ్‌లో ఎనిమిది నెలలు పడేసిన ట్యూబు గుర్తొచ్చిందా?

పైగా మనం దాన్ని ఎక్కడ రాస్తున్నాం? బ్లేడు వెంట్రుకతో పాటు చర్మం పైపొరని కూడా కాస్త గీకేస్తుంది. అలా గీకిన చోట. మోచేతికి రాసుకోవడం, ఇది ఒకటి కాదు.

ఇంకో మోసం కూడా ఉంది. 'అన్‌సెంటెడ్' అంటే వాసన రాదని అర్థం, అంతే. ముడి పదార్థాల వాసన తెలియకుండా పైన ఇంకో సెంటు కలిపి ఉండొచ్చు. మీకు కావలసింది 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ'. ఆ మాట కూడా నమ్మొద్దు, వెనక పదార్థాల పట్టీ చదవండి. 'హెర్బల్' అని రాసి ఉంటే మరీ జాగ్రత్త. నిమ్మ నూనె అయినా సెంటు సెంటే.

సెలూన్_కుర్రాడు | ఉదయం 10:15

అన్నా, నేను పదకొండేళ్లుగా కుర్చీ పక్కన నిలబడి గడ్డాలు గీస్తున్నా. రోజుకి పాతిక దాకా. అందరికీ ఒకటే క్రీమ్. పాతిక మందిలో మంట అనేది ఇద్దరో ముగ్గురో. వాళ్లకి నేను ముందు మార్చేది క్రీమ్ కాదు, చెయ్యి.

మూడు ప్రశ్నలు చెప్పు. నురగ పెట్టాక ఎంతసేపు ఆగుతావు? రివర్స్ కొడతావా? గీసుకున్నాక ఏం రాస్తావు?

కొత్తగడ్డం | ఉదయం 10:31

ఆగడమా? రాసిన వెంటనే గీసేస్తా, బస్సు టైమ్. రివర్స్ రెండు సార్లు కొడతా, లేకపోతే నున్నగా రాదు. అయిదు బ్లేళ్ల కార్ట్రిడ్జ్. గీసుకున్నాక ఆఫ్టర్ షేవ్.

సెలూన్_కుర్రాడు | ఉదయం 10:33

ఆఫ్టర్ షేవ్!! ఇంతసేపూ ఈ మాట చెప్పలేదే అన్నా.

బావ_పార్టీ | ఉదయం 11:20

నాకు చెప్పాల్సిన పాయింట్ ఇక్కడే దొరికింది. క్రీమ్ మొహం మీద ఉండేది మూడు నిమిషాలు, తర్వాత కడిగేస్తాం. ఆఫ్టర్ షేవ్ రోజంతా ఉంటుంది. అందులో ఆల్కహాలు ఉంటుంది, సెంటు క్రీమ్‌లో కంటే ఘాటు. రెండింటినీ ఒకే గాట కట్టకూడదు.

ఇది నా సొంత కవిత్వం కాదు, యూరప్ చట్టమే ఈ తేడా చూసింది. ఎలర్జీ తెప్పించే 26 సెంటు పదార్థాలు అక్కడ ఒక మోతాదు దాటితే పేరు పేరునా లేబుల్ మీద రాయాలి. ఒంటి మీద ఉండిపోయే వాటికి ఆ హద్దు 0.001 శాతం, కడిగేసే వాటికి 0.01 శాతం. అంటే పది రెట్లు సడలింపు. 2023లో ఆ పట్టీని 80 దాటించారు, ఆ రెండు హద్దులనీ మాత్రం కదపలేదు.

అయ్యప్ప మాల సాక్ష్యం కూడా చెల్లదు తమ్ముడూ. ఆ 41 రోజులు క్రీమ్ ఒక్కటే మానావా? బ్లేడు మానావు, రివర్స్ మానావు, ఆఫ్టర్ షేవ్ మానావు. నాలుగూ ఒకేసారి ఆపి, తగ్గగానే ఒక్కదాన్ని దోషి అంటే ఎలా? పైగా దీక్షలో ఉన్నన్నాళ్లూ మెడకి గంధం రాసుకుని ఉంటావే. అది వాసన కాదా? ఏమైనా అయిందా?

వాసన_వద్దు | ఉదయం 11:58

@బావ_పార్టీ మాల సాక్ష్యం చెల్లదు, ఒప్పుకుంటాను. గంధం సాక్ష్యం కూడా అంతే కదా మరి. గీయని చర్మం మీద రాసిన గంధం అది.

చట్టం గురించి కూడా ఒక మాట. ఆ హద్దు దాటితే పేరు రాయమన్నారు గానీ, లోపల ఉంటే అందరికీ క్షేమమని అనలేదు. ఒకసారి ఎలర్జీ వచ్చినవాడికి కొంచెం తగిలినా చాలు. మన దగ్గర చాలా ట్యూబుల మీద ఉండేది 'పర్ఫ్యూమ్' అన్న ఒక్క మాటే. అందులో మీకు పడనిది ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

బావ_పార్టీ | మధ్యాహ్నం 12:10

గీసిన చర్మం మీద గంధం కావాలా? తిరుమల కల్యాణకట్టకి వెళ్లండి. గుండు చేయించుకుని బయటికి రాగానే తల నిండా చల్లటి గంధం పూస్తారు. చిన్న పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా.

వాసన_వద్దు | మధ్యాహ్నం 12:26

సానమీద అరగదీసిన చందనం చెక్క వేరు, డబ్బాలో అమ్మే సెంటు కలిపిన పొడి వేరు. మా చిన్నాడికి గుండు చేయించినప్పుడు బయట కొన్న పొడి రాశాం, మర్నాటికి తలంతా ఎర్రబడింది. అది పొడి వల్లనో, ఎండ వల్లనో, బ్లేడు వల్లనో నేను ప్రమాణం చేసి చెప్పలేను. అందుకే అంటున్నా, తీసేయగలిగిన అనుమానాన్ని ముందే తీసేద్దాం అని. సెంటు లేకపోతే గడ్డం తెగదా?

కెమిస్ట్రీ_మాస్టారు | మధ్యాహ్నం 2:05

మీరిద్దరూ సెంటు దగ్గరే కొట్టుకుంటున్నారు. సెంటు తీసేసినా ఆ ట్యూబులో మిగిలేది ఏమిటో ఎవరూ అడగలేదు. సబ్బు! స్టియరిక్ ఆసిడ్‌కి పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి తయారుచేసిన మెత్తటి సబ్బు, దానికి గ్లిజరిన్. బ్రష్‌తో నురగ వచ్చే క్రీములన్నీ దాదాపు ఇంతే. దాని పీహెచ్ తొమ్మిది, పది దగ్గర ఉంటుంది. మన చర్మం కాస్త పులుపు వైపు, అయిదు దగ్గర. సున్నితమైన చర్మానికి ఆ క్షారమే మంట పెట్టొచ్చు. వాసన లేని ట్యూబు కూడా అదే పని చేస్తుంది.

రెండో సంగతి నీళ్లు. మీది బోరు నీళ్లా? బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిసి తెట్టు కడుతుంది. నురగ నిలవదు, బ్లేడు జారదు, ఆ తెట్టు మొహానికే అంటుకుని ఉంటుంది. ఏం చేస్తాం? ఇంకాస్త క్రీమ్ పిండుతాం, ఇంకోసారి గీస్తాం. మా కాలనీలో నల్లా వచ్చిన రోజు గడ్డం ఒకలా ఉంటుంది, బోరు వేసిన రోజు ఒకలా ఉంటుంది. అర మగ్గు తాగే నీళ్లు గోరువెచ్చగా చేసి దానితో నురగ కట్టి చూడండి.

మెంథాల్ గురించి కూడా చెప్పేస్తా. అది చర్మాన్ని చల్లబరచదు. చలిని పసిగట్టే నరాలని తట్టి లేపుతుంది, మనం చల్లగా ఉందనుకుంటాం. కొందరికి ఆ తట్టడమే మంటగా తెలుస్తుంది. లేత వాసన, వాసన లేనిది అని కొట్టుకునే ముందు మెంథాల్ ఉందా లేదా అన్నది చూడాలి.

నిర్వాహకుడు | మధ్యాహ్నం 2:40

రెండు అమ్మకాల లింకులు తీసేశాను. ఏం వాడుతున్నారో చెప్పండి, అమ్మొద్దు.

డాలస్_మావయ్య | రాత్రి 9:15

ఇక్కడికి వచ్చాక నేను ప్రొరాసో తెల్ల ట్యూబుకి మారాను. ఇటలీ వాళ్లది, గ్రీన్ టీ, ఓట్స్ ఉంటాయి, సెన్సిటివ్ చర్మం కోసమే చేశారు. వాసన ఉంటుంది కానీ చాలా పల్చన, కడిగాక మిగలదు. ఆకుపచ్చ ట్యూబులో మెంథాల్, యూకలిప్టస్ ఉంటాయి, అది నాకు పడలేదు. ఒకే కంపెనీ, రెండూ వాసన ఉన్నవే, ఒకటి పడింది, ఒకటి పడలేదు. కాబట్టి నా ఓటు బావగారికి.

సెలూన్_కుర్రాడు | రాత్రి 9:50

ఇండియాలో ఆ ట్యూబు ధరకి మా దగ్గర ఎన్ని గడ్డాలో మావయ్యా 😄 ఇక్కడ వంద లోపు ట్యూబుతో కూడా పని జరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి షేవింగ్ క్రీమ్ మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది కూడా.

కొత్తగడ్డం అన్నకి ఒక్క మాట. వెంట్రుక తడిసి మెత్తబడడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ముందు గోరువెచ్చటి నీళ్ల గుడ్డ పెట్టు, నురగ పెట్టి ఆగు, వెంట్రుక వాలు వైపే గియ్యి. అయిదు బ్లేళ్లది వెంట్రుకని లాగి చర్మం కంటే కిందకి కోస్తుంది. రింగులు తిరిగే గడ్డం అయితే అది లోపలికే మొలిచి పొక్కవుతుంది. ఆ పొక్కుకి ఏ క్రీమూ ఏం చెయ్యదు.

నాన్న_కూతురు | సోమవారం, ఉదయం 7:20

నేను గడ్డం గీసేది మా నాన్నగారికి. 78 ఏళ్లు, పక్షవాతం వచ్చి చెయ్యి లేవదు. చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. నేనూ మొదట వాసన లేని క్రీమ్ కొన్నాను, జాగ్రత్త కదా అని. బ్రష్ దగ్గరికి తేగానే మొహం తిప్పేసుకున్నారు. మూడు రోజులు అంతే. నాలుగో రోజు ఆయన ఉద్యోగం చేసే రోజుల్లో వాడిన లాంటిదే, గంధం వాసన వచ్చేది, తెచ్చాను. బ్రష్ మీద నురగ చూసి గడ్డం పైకెత్తి ఇచ్చారు.

భయపడి ముందు చెవి కింద రూపాయి బిళ్లంత మేర రాసి, మూడు నిమిషాలుంచి కడిగేశాను. వారం రోజులు అలాగే చేశాను. ఎరుపు రాలేదు. అప్పుడే మొహమంతా రాశాను. క్రీమ్‌ని రాత్రంతా చర్మం మీద వదిలేసి పరీక్ష చెయ్యకండి. సబ్బు అంతసేపు ఉంటే ఎవరికైనా మండుతుంది.

వాసన_వద్దు గారూ, మీరు చెప్పినవి నేను కాదనను. కానీ 'సెంటు లేకపోతే గడ్డం తెగదా' అన్నారు చూడండి, మా ఇంట్లో తెగలేదు.

వాసన_వద్దు | ఉదయం 8:02

అమ్మా, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మీరు చేసిన పరీక్ష మాత్రం ఇక్కడున్న మగాళ్లలో ఒక్కరూ చేసి ఉండరు, నాతో సహా.

కొత్తగడ్డం | నాలుగు వారాల తర్వాత

అందరికీ రిపోర్టు. మాస్టారు, సెలూన్ తమ్ముడు చెప్పినట్టు ఒక్కొక్కటే మార్చాను.

మొదటి వారం ఆఫ్టర్ షేవ్ ఒక్కటే ఆపాను. మంట సగానికి పైగా పోయింది. పొక్కులు అలాగే ఉన్నాయి. రెండో వారం నీలం మెంథాల్ తీసేసి అక్క చెప్పిన వాసన లేని క్రీమ్. మిగిలిన మంట కూడా పోయింది, పొక్కులు కదల్లేదు. మూడో వారం రివర్స్ మానేసి, అయిదు బ్లేళ్లది పక్కన పెట్టి, రెండు నిమిషాలు ఆగి గీశాను. పొక్కులు దవడ కింద రెండే మిగిలాయి. ఇక్కడ రెండు మూడు ఒకేసారి మార్చేశాను, తిట్టకండి, ఓపిక అయిపోయింది. నాలుగో వారం లేత గంధం వాసన క్రీమ్‌కి మారాను, తాగే నీళ్లతో నురగ. ఇప్పటికి నాలుగు షేవ్‌లు. మంట లేదు, కొత్త పొక్కు లేదు. నున్నగా మాత్రం రావట్లేదు, చేత్తో రాస్తే గరుకు తగులుతుంది. ఆఫీసులో ఎవరూ రాసి చూడరు కదా.

అక్కకి చెబితే, ఎలర్జీ అనేది ఒక్కోసారి నెలలు వాడాక మొదలవుతుంది, నాలుగు షేవ్‌లకి పండగ చేసుకోకు అంది.

వాసన_వద్దు | ఆ రోజే

అక్క కరెక్ట్. ట్యూబు మూత గట్టిగా పెట్టండి. ఎర్రబడిందంటే బావ మాట వినకుండా చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లండి, సెంట్లకి ప్యాచ్ టెస్ట్ చేస్తారు.

బావ_పార్టీ | ఆ రోజే

నాలుగు షేవ్‌లు, సున్నా పొక్కులు. నేనింకేం మాట్లాడను.

సెలూన్_కుర్రాడు | ఆ రోజే

ఆ నీలం ట్యూబు ఏం చేశావన్నా? సగం మిగిలి ఉంటుందిగా.

కొత్తగడ్డం | ఆ రోజే

బావకి ఇచ్చేశా. రివర్స్ కొట్టి, పైన ఆఫ్టర్ షేవ్ చల్లుకుని హాయిగా తిరుగుతున్నాడు. ఆయనది చర్మం కాదు, తాటిపట్ట.