చెరువు వైపు సిటౌట్‌ని మొత్తం అద్దాలతో మూయించాలా, జాలీతో ఆపేయాలా? (హన్మకొండ)

వడ్డేపల్లి_పక్కిల్లు:
నమస్తే అందరికీ. మాది హన్మకొండ, వడ్డేపల్లి చెరువు దిక్కు కాలనీ. ఇంటి వెనక పడమర వైపు 18 బై 10 సిటౌట్ ఉంది, గోడలు లేవు, పైన పాత సిమెంటు రేకులు. అక్కడి నుంచి చెరువు మంచిగా కనిపిస్తుంది కానీ కూర్చునేదెప్పుడు? పొద్దుగూకితే దోమలు, తొలకరి పడ్డాక లైటు వేస్తే చాలు ఉసిళ్లు, పగలంతా కోతులు. బాపు ఈ మధ్యే రిటైర్ అయ్యారు, ఆయన కోసమైనా దాన్ని మూయించి గదిలా చేద్దామనుకుంటున్నాం.

ఒక కాంట్రాక్టర్ వచ్చి చూసి, మూడు వైపులా కింద నుంచి పై దాకా అద్దాలు, పైకప్పు కూడా అద్దమే, టన్నున్నర ఏసీ, ఫుల్ సన్‌రూమ్ చేసిస్తా అని ఫోన్లో అమెరికా ఫొటోలు చూపించాడు. చూడ్డానికి బాగానే ఉన్నాయి. మా ఆవిడ మాత్రం మే నెలలో అందులో వడియాలు ఎండబెట్టుకోవచ్చు అంటోంది. వానకాలంలో ఇప్పటికే ఆ వైపు బెడ్రూం గోడకి చెమ్మ, బీరువాలో బట్టలు వాసన. అద్దాలతో మూస్తే అది ఇంకా ఎక్కువవుతుందా? నీళ్ల పక్కన ఇల్లు కాబట్టి అల్యూమినియం పాడైపోతుంది, అన్నిటికీ ఖరీదైన స్టీలే వాడాలి అంటున్నాడు, నిజమేనా? పర్మిషన్ అడిగితే, ఉన్న ఇంటికే కదా చేస్తున్నది అని కొట్టిపారేశాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

కాజీపేట_సైటింజినీర్:
అన్నా, పర్మిషన్ సంగతితోనే మొదలుపెడతా, అది తేలకుండా మిగతావన్నీ దండగ. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే మేర) హద్దు నుంచి 30 మీటర్ల లోపు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్ల లోపు కట్టడాలేవీ ఉండకూడదు. హైడ్రా (చెరువుల ఆక్రమణలు కూల్చే సంస్థ) అంటే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపలి వ్యవహారం, మనకేం కాదు అని చాలామంది ధీమాగా ఉంటారు కానీ చెరువు చుట్టూ జాగా వదలాలనే ఈ బఫర్ నిబంధన ఒక్క హైదరాబాద్‌ది కాదు. కాబట్టి ముందు మీ సర్వే నంబరు పట్టుకుని ఇరిగేషన్ వాళ్ల దగ్గర ఎఫ్‌టీఎల్ మ్యాప్ చూడండి, శిఖం భూమి (చెరువు కింద ఉండే భూమి) పక్కనే ఉన్న ప్లాట్లలో కాగితం ఒకటి చెప్తే గట్టు మీద రాయి ఇంకోటి చెప్తుంది. తర్వాత మీ ఇంటి శాంక్షన్ ప్లాన్ తీయండి. ఆ 10 అడుగుల్లో ఎంత సెట్‌బ్యాక్‌లోకి (ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలోకి) వస్తుందో చూడండి. తెరిచి ఉన్న జాగాని గోడలో అద్దాలో పెట్టి మూస్తే అది ప్లాన్‌కి తేడాగానే లెక్క, ఉన్న ఇంటికే కదా అన్న మాట అక్కడ నడవదు. రేపు ఇల్లు అమ్మేటప్పుడు గానీ బ్యాంకు లోన్‌కి గానీ అదే అడ్డొస్తుంది.

ఇక ఎండ. పడమర అంటున్నారు కాబట్టి అద్దం కప్పు ఆలోచన ఇవాళే మానేయండి. మామూలు క్లియర్ గ్లాసు దాని మీద పడే ఎండ వేడిలో దాదాపు 80 శాతం లోపలికి పంపిస్తుంది, లోపల పరదా వేసినా వేడి అప్పటికే గదిలోకి వచ్చేసినట్టే. మన దగ్గర మే, జూన్లో సూర్యుడు సరిగ్గా పడమర కూడా కాదు, ఉత్తరానికి జరిగి అస్తమిస్తాడు, జూన్ చివర్లో అయితే 25 డిగ్రీల దాకా జరుగుతాడు. అప్పుడు కిరణాలు అడ్డంగా వస్తాయి, సజ్జ ఎంత బయటికి తీసినా ఆపలేదు. దాన్ని ఆపేది నిలువుగా, అద్దానికి బయట వైపు ఉండాలి: వెదురు తెర, బయటి బ్లైండ్, లేదంటే ఓ నాలుగు అడుగుల దూరంలో పందిరెక్కిన తీగ. చెరువు కనిపించాలి, ఎండ రావద్దు అంటే సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా తెర దించాల్సిందే, దానికి వేరే మార్గం లేదు.

తుప్పు గురించి: మంచినీళ్ల చెరువు గాలిలో ఉప్పు ఉండదు. విశాఖ బీచ్ రోడ్డులో పనికొచ్చే జాగ్రత్తలు ఇక్కడ అమ్ముతున్నాడు మీ కాంట్రాక్టర్. పౌడర్ కోటింగ్ చేసిన అల్యూమినియం చాలు, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) అయినా సరే, కాకపోతే దాని లోపల గాల్వనైజ్డ్ ఉక్కు పట్టీ ఉందో లేదో కోసిన ముక్క చూపించమని అడగండి. స్క్రూలు మాత్రం 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టించండి, ఇనుప స్క్రూలు ఒక్క వానకాలానికే ఎర్రటి చారలు కారుస్తాయి.

టాంపా_పరకాల:
మాది పరకాల, ఇప్పుడు ఫ్లోరిడాలో ఉంటున్నాం, మా ఇంటి వెనక కూడా చెరువే, కాబట్టి నాలుగు మాటలు. మీకు చూపించిన ఫొటోల్లో అద్దాల గదులు చాలావరకు చలి రాష్ట్రాలవి, అక్కడ శీతాకాలం ఎండ పట్టుకోవడానికే వాటిని కడతారు. మన దగ్గర ఎండని పట్టుకోవాల్సిన అవసరం ఎవరికుంది చెప్పండి. ఫ్లోరిడాలో నీళ్ల పక్క ఇళ్లకు ఎక్కువగా కనిపించేది అల్యూమినియం ఫ్రేమ్‌కి జాలీ బిగించిన వరండానే. మామూలు జాలీ అంగుళానికి 18 బై 14 గళ్లు, దోమలు ఆగుతాయి. నీళ్ల దగ్గర కంటికి ఆనని చిన్న పురుగులు దాంట్లోంచి దూరిపోతాయి, వాటికి 20 బై 20 వేస్తారు. గళ్లు చిన్నవైన కొద్దీ గాలి తగ్గుతుంది, కాబట్టి ఫ్యాన్ తప్పనిసరి.

ఏసీ పెట్టి మూసేసే గదులూ ఇక్కడ ఉన్నాయి, కానీ వాటికి కప్పు, గోడలు, అద్దం అన్నీ ఇంట్లో మిగతా గదులకిచ్చినట్టే ఇన్సులేషన్ ఇస్తారు, విడిగా ఏసీ పెడతారు. రేకుల కింద సింగిల్ గ్లాసు పెట్టి ఏసీ వేసి సన్‌రూమ్ అనుకుంటే కరెంటు బిల్లు కట్టేవాళ్లకే తెలుస్తుంది. ఇంకోటి, హరికేన్ వస్తోందంటే కొందరు జాలీని కోసేస్తారు, గాలి ఫ్రేమ్‌ని ఈడ్చుకుపోకుండా. మన ఎండకాలం గాలి దుమారాలు అంత కావు కానీ చెరువు మీదుగా వచ్చే గాలికి మధ్యలో అడ్డేమీ ఉండదు కదా, ఫ్రేమ్‌ని ఇటుక గోడకి కాకుండా బీమ్‌కి, పిల్లర్‌కి బిగించమనండి.

మానేరు_అక్క:
కరీంనగర్ నుంచి. లోయర్ మానేరు డ్యామ్ దగ్గర మా మరిది వాళ్ల ఇంట్లో అచ్చం ఇలాంటి గదే ఉంది, అద్దాలతో. చలికాలం పొద్దున ఆ గదిని మించింది లేదు, నేనే వెళ్లి కూర్చుంటా. జూలై నుంచి మాత్రం వేరే కథ. హాల్లో ఏసీ వేస్తే హాలుకీ ఈ గదికీ మధ్య ఉన్న అద్దం తలుపు గది వైపు నుంచి చెమటలు కారుతుంది, కింద నేల తడి, నున్నటి టైల్స్ మీద మా అత్తయ్య జారబోయారు. ఎందుకిలా అని మా అబ్బాయిని అడిగితే లెక్క వేసి చెప్పాడు, 32 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీళ్లు వదిలేస్తుందట. ఏసీ 24లో పెడితే ఇక కారక ఏం చేస్తుంది. సోఫా కుషన్లకి వెనక వైపు బూజు, ప్లైవుడ్ షెల్ఫ్ ఉబ్బింది.

ఇందులో తప్పు చెరువుది కాదు అన్నది నా అభిప్రాయం. ఆ గదిలో కిటికీలు తెరుచుకునేవి రెండే, మిగతా అద్దాలన్నీ ఫిక్స్‌డ్. గాలి ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపు పోతేనే కదా గది ఆరేది. తమ్ముడూ, అద్దాలు పెట్టించినా సరే, ప్రతి పలకా జరిగేదే పెట్టించండి, మూడు పట్టాల ట్రాక్ వేసి ఒక దాంట్లో జాలీ. ఇంకో సంగతి, మన దగ్గర ఏప్రిల్, మేలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది, అదే కూలర్ ఆగస్టులో వేస్తే గది ఇంకా చిత్తడి. కూలర్ ఎక్కడ పెడతారో, అది పీల్చే గాలి బయటి నుంచి ఎట్లా వస్తుందో ఇప్పుడే ఆలోచించుకోండి. నేలకి షాబాద్ రాయో తాండూరు రాయో పాలిష్ లేకుండా వేయించండి, పెద్దవాళ్లున్న ఇల్లు.

వడ్డేపల్లి_పక్కిల్లు:
అక్కా, అన్నలూ, చాలా థ్యాంక్స్. ఎఫ్‌టీఎల్ సంగతి రేపే కనుక్కుంటా, టెన్షన్ మొదలైంది నిజంగా. అద్దం కప్పు క్యాన్సిల్. మరి రేకుల బదులు ఏం వేయాలి? పాలికార్బనేట్ షీటు వేస్తే వెలుతురు వస్తుంది, చవక అంటున్నారు. ఇంకా కోతుల గురించి ఎవరూ మాట్లాడలేదు.

కాజీపేట_సైటింజినీర్:
పాలికార్బనేట్ వద్దు. వాన పడితే లోపల మాట వినపడదు, నాసిరకం షీటైతే ఎండకి పసుపెక్కి పెళుసుబారుతుంది, మార్చి, ఏప్రిల్లో రాళ్ల వాన కొట్టిందంటే చిల్లులే. పాత సిమెంటు రేకులు తీసేటప్పుడు కూడా జాగ్రత్త, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, పగలగొట్టకుండా, కోయకుండా, నీళ్లతో తడిపి నిండుగా దించాలి, మాస్కులు వేసుకోవాలి. వాటి బదులు 50 ఎంఎం పీయూఎఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య ఫోమ్ నింపినది) వేయండి, పైన తెల్ల రంగు, చెరువు వైపు వాలు. స్లాబే కావాలంటే పునాది నుంచి లెక్క వేయాలి, ఉన్న గోడ మీద ఎత్తితే ఒప్పుకోను.

అద్దాలు టఫెండ్ (వేడి చేసి గట్టిపరిచినవి) తీసుకోండి, కింది ట్రాక్‌కి బయట వైపు నీళ్లు పోయే రంధ్రాలు ఉండాలి, వానకాలం ముందు పాత టూత్‌బ్రష్‌తో వాటిని శుభ్రం చేయాలి. దుమ్ము నిండితే ట్రాక్‌లో నిలిచిన నీళ్లన్నీ ఇంట్లోకే. గది నేల హాలు కంటే ఒక మెట్టు కిందికి, బయటికి వాలు. 2023 జూలై చివర్లో భద్రకాళి చెరువు కట్టకి గండి పడ్డప్పుడు చూశాం కదా, కాబట్టి ప్లగ్ పాయింట్లు నడుము ఎత్తుకి తగ్గకుండా పెట్టించండి. బెడ్రూం గోడ చెమ్మ మాత్రం వేరే రోగం, అది కింది నుంచి ఎక్కుతోందా, బయటి గోడ పగుళ్ల నుంచి వస్తోందా చూసి ముందు దాన్ని బాగు చేయించాకే ఈ గది మొదలుపెట్టండి. చెమ్మ గోడకి ఫ్రేమ్ బిగించి సిలికాన్ కొడితే అది నిలవదు.

కోతులతో_కాపురం:
నా పేరు చూస్తే తెలుస్తుంది కదా, కోతుల విషయం నాకు వదిలేయండి. ఫైబర్ జాలీ కోతికి ఒక్క గోరు పని. మడత పడే ప్లీటెడ్ జాలీ అయితే ఇంకా సులువు, వేలు పెట్టి లాగితే మొత్తం ఊడి చేతికొస్తుంది. 304 స్టీలు జాలీ వేయండి, దానికి బయట నాలుగు అంగుళాల సందుతో గ్రిల్లు. గ్రిల్లు ఉంటే కోతి బరువు దాని మీద పడుతుంది, జాలీ మీద కాదు. స్లైడింగ్ పలకలకి లోపల గడియ ఉండాలి, జరపడం వాటికి బాగా తెలుసు, మా ఇంట్లో వంటగది కిటికీ జరిపి అరటిపళ్ల గెల పట్టుకెళ్లిన ఘనులు ఉన్నాయి. ఒకటి మాత్రం మర్చిపోవద్దు, గ్రిల్లులో తోట వైపు ఒక తలుపు పెట్టండి, లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునేలా. మంటలో, షార్ట్ సర్క్యూటో అయితే బాపుగారు చెవి వెతుక్కుంటూ కూర్చోకూడదు.

వడ్డేపల్లి_పక్కిల్లు:
సరే అన్నా. అంటే గ్రిల్లు, స్టీలు జాలీ, పైన పీయూఎఫ్ ఇప్పుడు వేయించి, అద్దం పలకలకి ట్రాక్ మాత్రం పెట్టించి వదిలేస్తా, ఒక వానకాలం చూశాక అద్దాల సంగతి. ఏసీ ఇప్పుడే లేదు. మా ఆవిడకి ఈ థ్రెడ్ చూపించాను, ముందే చెప్పానా అంది, అంతే. మడికొండ, కాజీపేట వైపు గ్రిల్లు పని నీట్‌గా చేసే వెల్డర్లు తెలిస్తే మెసేజ్ పెట్టండి, ఎఫ్‌టీఎల్ సంగతి తేలాకే పిలుస్తా.