తోట దారికి ఏటా జేసీబీని పిలవాలా, ట్రాక్టరుకు బ్లేడు కొనుక్కోవాలా?

తోటబాబు: ఉండేది విశాఖ ఎంవీపీ కాలనీలో. పద్మనాభం దాటాక లోపలికి జీడి, మామిడి తోట ఉంది. తారు రోడ్డు నుంచి షెడ్డు దాకా దగ్గర దగ్గర నాలుగు వందల మీటర్ల ఎర్రమట్టి దారి, పైన గ్రావెల్ వేయించాం. అక్టోబరు, నవంబరు వానలు గట్టిగా పడ్డాయంటే పై మెరక నుంచి మట్టి కొట్టుకొచ్చి దారి మీద మేట వేస్తుంది. సరుగుడు కొమ్మలు అడ్డం పడతాయి. మిగిలిన చోటల్లా వయ్యారిభామ నడుం ఎత్తు లేస్తుంది. కారు సగం దారిలోనే వదిలేసి నడవాలి. ఇన్నాళ్లూ జేసీబీతో గీకిస్తున్నాం. మామగారి 45 హెచ్‌పీ ట్రాక్టరు ఊళ్లో ఖాళీగానే ఉంటోంది. దానికి వెనక బ్లేడు, అంటే మట్టి గీకే ఇనప పలక, తగిలించుకుంటే సరిపోతుందా? వాడినవాళ్లు చెప్పండి.

గేరుబాక్స్: బ్లేడు కొనండి. ట్రాక్టర్ల రిపేరులోనే జుట్టు నెరిసినవాణ్ణి, ఊరికే చెప్పడం లేదు. బ్లేడును దారికి సరిగ్గా అడ్డంగా కాకుండా ఏటవాలుగా బిగించాలి. అప్పుడు మట్టి ముందు పోగుపడకుండా పక్కకు జారుతూ పోతుంది. రెండు అంచుల నుంచి నడిమికి లాక్కొస్తే దారి మధ్యలో కాస్త ఉబ్బుగా నిలిచి, నీళ్లు రెండు పక్కలకూ దిగిపోతాయి. బకెట్టుతో ఆ ఒంపు తేవడం అందరి వల్లా కాదు. పైగా జేసీబీ ఏడు టన్నులు దాటిన బండి. తడి ఎర్రమట్టి మీదకు ఎక్కిందంటే దాని చక్రాల గాళ్లు పూడ్చడానికి ఇంకో బండి కావాలి.

సబ్బవరం కుర్రోడు: గేరుబాక్స్ మేష్టారు చెప్పింది వినడానికి బాగుంది. మేట ఎండి గట్టిపడ్డాక మీ బ్లేడు పైపైన తేలిపోతుంది, లోపలికి దిగదు. కొమ్మ తగిలితే బ్లేడు పైకెత్తి దాటిపోవాల్సిందే. జేసీబీ అయితే మట్టి తీస్తుంది, కొమ్మ లాగుతుంది, ట్రాలీలోకి ఎత్తిపోస్తుంది. ఏడాదికి ఒక్క పూట పనికి సొంతంగా ఇనుము కొని షెడ్డులో తుప్పు పట్టించడం దేనికి?

గేరుబాక్స్: ఎండేదాకా ఎవరు ఆగమన్నారు? పదును మీద లాగాలి. చేత్తో పిసికితే ఉండ కట్టి, వేలితో నొక్కితే విడిపోయేలా ఉన్నప్పుడు బ్లేడు వెన్నలో దిగినట్టు దిగుతుంది. జేసీబీ మనకు పదును ఉన్నప్పుడు రాదు, వాడికి ఖాళీ ఉన్నప్పుడు వస్తుంది. తేడా అక్కడే.

అత్తగారి జీడితోట: ముందు రంపం కొనండి. పెద్ద చెట్టు అడ్డం పడితే ఈ రెండు బళ్లూ రోడ్డు మీదే ఆగిపోతాయి.

పెందుర్తి పాతకాపు: అవును, పెట్రోలు రంపం ఉండాల్సిందే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో అదే దిక్కయింది. బండ్లు దొరకలేదు, కరెంటు లేదు, ఫోను లేదు.

సబ్బవరం కుర్రోడు: హుద్‌హుద్ అప్పుడు పెట్రోలు బంకుల దగ్గర క్యూలు మర్చిపోయారా? రంపం ఉండి ఏం లాభం, పొయ్యడానికి చుక్క ఉండాలి కదా.

గేరుబాక్స్: తుపాను ముందు క్యానులో రెండు లీటర్లు పట్టి పెట్టుకోలేనివాడికి తోట ఎందుకు? ఒక్క మాట, రంపం కొత్తగా పట్టేవాళ్లకి. వంగి బిగుసుకుని పడిన మానును ఎక్కడ పడితే అక్కడ కోయకండి. లోపలికి నొక్కుకున్న వైపు ముందు కొంచెం గాటు పెట్టి, సాగి ఉన్న వైపు తర్వాత నెమ్మదిగా కోయాలి. తిరగేసి చేస్తే మాను విదిలించుకుని మనిషినే కొడుతుంది. రంపం కొసతో అసలు కోయొద్దు, వెనక్కి ఎగిరి ముఖం మీదకు వస్తుంది. ఇక బ్లేడు సంగతి. తోటబాబుగారూ, జేసీబీకి గంటకు ఎంత ఇచ్చారు?

తోటబాబు: పోయినసారి గంటకు పన్నెండు వందలు అన్నాడు. తీరా చూస్తే బండి ఊళ్లో బయల్దేరిన దగ్గర్నుంచి లెక్క కట్టాడు.

గేరుబాక్స్: చూశారా! దారిలో టీ తాగినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. మా ఇంటి పునాదికి వచ్చినవాడు ఇంజను ఆపకుండా సెల్లు మాట్లాడుతూ కూర్చున్నాడు. అడిగితే ‘ఆపితే స్టార్ట్ అవదండి’ అన్నాడు. నేను మెకానిక్‌నిరా బాబూ, నాకే చెబుతున్నావా అన్నాను.

సబ్బవరం కుర్రోడు: ఎవడో ఒకడు చేశాడని అందరినీ అంటే ఎలా? బండి రావడానికి డీజిల్ ఖర్చవదా? కిస్తీ ఎవరు కడతారు? ఆపరేటరు బత్తా ఎవరిస్తారు?

గేరుబాక్స్: ఇంత నొప్పి పడుతున్నావంటే నీకు జేసీబీ ఉందా ఏటి?

సబ్బవరం కుర్రోడు: మా బావకి ఉంది. అయితే ఏటి? మీకు బ్లేడు అమ్మే షాపు లేదని నమ్మకం ఏమిటి?

గేరుబాక్స్: షాపు ఉంటే నీలాంటివాడితో ఇక్కడ ఎందుకు మాట్లాడతాను!

మోడరేటర్: ఇద్దరూ గొంతు తగ్గించండి. గంట రేటు మీద ఇప్పటికే రెండు చర్చలున్నాయి.

కింది మడి: పొద్దుట్నుంచి చదువుతున్నాను. ఏ బండి, ఎంత రేటు అంటున్నారే గానీ గీకిన మట్టి ఎక్కడ పోస్తారని ఒక్కరూ అడగలేదు. ఆనందపురం వైపు మాది దారికి దిగువన ఎకరం మడి. పైనున్న తోట సిటీ వాళ్లది. వాళ్ల జేసీబీ వచ్చి మట్టంతా పక్క కాలువలోకి నెట్టేసి పోయింది. వాళ్ల కారు సుబ్బరంగా వెళ్లింది. తర్వాత వానకి నీళ్లు పోయే దారి లేక గట్టు తెంపుకుని మా మీద పడ్డాయి. వరి వెన్ను తీసి ఉంది. ఇసకా ఎర్రమట్టీ కప్పేస్తే వంగిన చేను లేవలేదు. వెళ్లి అడిగితే వాచ్‌మెన్ ‘సారు ఆదివారం వస్తారు’ అన్నాడు.

తోటబాబు: మీ కష్టం అర్థమైంది. కానీ నేను మట్టి ఎవరి పొలంలోనూ పోయించలేదు. దారి పక్కకే నెట్టించాను.

కింది మడి: పక్కన అంటే ఏముంది అక్కడ? కాలువే కదా? ఇంకోటి అడుగుతాను. మీ దారి పక్క పొలాల కన్నా పల్లమా, మెరకా?

తోటబాబు: పల్లమే. ఒకవైపు మోకాలి లోతు ఉంటుంది. కొన్న కొత్తలో ఇంత లేదు.

కింది మడి: ఏడాదికింత గీకితే దిగదా మరి? మేటతో పాటు గ్రావెల్ కూడా పోతుంది. ఇప్పుడు చుట్టుపక్కల నీళ్లన్నీ దాంట్లోకే వస్తాయి. మీరు దారి అంటున్నది గెడ్డ, అంటే వాగు, అయిపోయింది. భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు చూశారు కదా, ఆ లోయలన్నీ వాన నీళ్లు కోసినవే. మన ఎర్రమట్టికి ఆ గుణం ఉంది. జేసీబీతో గీకినా బ్లేడుతో గీకినా అంతే.

గేరుబాక్స్: బ్లేడుతో అంతే కాదు. నేను చెప్పిన పద్ధతిలో మట్టి నడిమికి వస్తుంది, బయటికి పోదు.

తోటబాబు: అందరూ నన్నే అంటున్నారు కాబట్టి చెబుతున్నాను. ఆ మట్టి నాది కాదు! మా పైన జీడితోట కొట్టేసి లేఅవుటుకి చదును చేశారు. అప్పట్నుంచే ఈ మేట. చెట్లున్నప్పుడు ఇంత మట్టి ఎప్పుడూ రాలేదు. వాళ్లని అడిగితే మా ప్లాట్లన్నీ అమ్ముడైపోయాయి అంటారు. పైవాడు నా మీదకు వదిలితే అడిగేవాడు లేడు. నేను పక్కకు నెడితే మాత్రం తప్పయిందా? జేసీబీ డబ్బులూ నావే, మాటలు పడేదీ నేనే.

కింది మడి: ఇప్పుడు దారికొచ్చారు. మీకు పైవాడు చేసిందే మీరు మీ కిందివాడికి చేస్తున్నారు. ఆ కిందివాడికి మాత్రం కింద ఎవరూ లేరు. అసలు ఆ దారి మీ పట్టాలో ఉందా, అందరూ నడిచే డొంకా?

తోటబాబు: సగం మాది. తారు రోడ్డు వైపు సగం డొంకేనని మామగారు అంటారు.

కింది మడి: డొంక అయితే పోరంబోకు, సర్కారు భూమి. పక్క కాలువ పూడ్చే హక్కు మీకూ లేదు, నాకూ లేదు. ఎఫ్ఎంబీ స్కెచ్చు, అంటే సర్వే వాళ్ల దగ్గరుండే పొలం కొలతల పటం, తీయించి సర్వేయరుతో కొలిపిస్తే పాత కాలువ ఎక్కడుండేదో తేలుతుంది.

అత్తగారి జీడితోట: మాకూ ఇదే గొడవ. మేం పై హద్దు వెంట, వాలుకు అడ్డంగా కందకం తవ్వించాం. మట్టి అందులో ఆగుతుంది, తేరిన నీళ్లే దిగుతాయి. వేసవిలో ఆ మట్టి తీసి చెట్ల పాదులకు వేస్తాం. దారి దాటే చోట రెండడుగుల తూములు. సన్న పైపు వేస్తే ఆకూ అలమూ అడ్డం పడి మొదటి వానకే మూసుకుపోయింది.

సబ్బవరం కుర్రోడు: కందకం దేంతో తవ్వించారండి?

అత్తగారి జీడితోట: జేసీబీతోనే.

సబ్బవరం కుర్రోడు: గేరుబాక్స్ మేష్టారు చదివారా?

గేరుబాక్స్: కందకానికి వద్దని నేనెప్పుడన్నాను? తవ్వే పని వేరు, దారి సర్దే పని వేరు. తోటబాబుగారూ, ట్రాక్టరు లిఫ్టు, అదే వెనక బ్లేడును ఎత్తి దించే చేతులు, ఒకసారి ఎత్తి వదిలి చూడండి. ఇంజను ఆపాక చేతులు వాటంతటవే దిగిపోతుంటే ముందు హైడ్రాలిక్ సీళ్లు మార్పించాలి, లేకపోతే బ్లేడు ఎత్తు నిలవదు.

తోటబాబు: లిఫ్టు చూస్తాను. ముందు స్కెచ్చుకి అర్జీ పెడుతున్నాను. కందకం వేసవిలో. మట్టి మాత్రం ఈసారి ట్రాలీ పెట్టి మా తోటలోకే తోలిస్తాను. కుర్రోడుగారూ, మీ బావ బండి పద్మనాభం దాకా వస్తుందా? మీటరు మాత్రం మా గేటు దగ్గర్నుంచి.

సబ్బవరం కుర్రోడు: వస్తుంది. గేటు దగ్గర్నుంచి అంటే కుదరదండి, సబ్బవరం నుంచి పద్మనాభం అంటే దగ్గరా? రానూపోనూ కలిపి ఒక గంట వేసుకోండి.

గేరుబాక్స్: మొదలెట్టాడు.